తిరుపతి గాంధీ రోడ్డు చీరల షాపు: ఐదు స్టార్లూ సేల్స్ అమ్మాయిలకే

పెళ్లి పెట్టుబడి చీరల కోసం వెళ్లాం. సరుకు బాగుంది, వెంకటగిరి కాటన్ రేట్లు న్యాయంగానే ఉన్నాయి. నేను రాయాలనుకున్నది మాత్రం ఆ చీరలు చూపించిన అమ్మాయిల గురించి.

మా అత్త ఒకదాని మీద ఒకటి తీయించి తీయించి, చివరికి మొదట చూసిందే కావాలంది. ఆ అమ్మాయి గుట్ట అడుగు నుంచి దాన్ని లాగి, పైట అంచు కనిపించేలా మళ్లీ పరిచింది, ఒక్క నిట్టూర్పు లేదు. ఇంకో చీర తీసుకోబోతుంటే తనే ఆపింది: "అక్కా, పెద్దావిడకి పెట్టేదైతే అది వద్దు, మొదటి ఉతుక్కే రంగు వదులుతాది. ఈ కాటన్ చూడండి, దానికన్నా తక్కువే."

కౌంటర్ వెనక స్టూళ్లున్నాయి, బేరం లేనప్పుడు అమ్మాయిలు కూర్చుంటున్నారు, ఓనర్ చూసినా ఎవరూ గబుక్కున లేవలేదు. అడిగితే చెప్పారు, వారానికి ఒకరోజు వంతులవారీగా సెలవు, ఇన్సెంటివ్ కూడా ఒక్కొక్కరికి కాకుండా కౌంటర్ మొత్తానికి కలిపి ఇస్తారంట. అందుకే కస్టమర్ కోసం ఒకరి మీద ఒకరు పడటం లేదు, ఖరీదైన చీర అంటగట్టే టెన్షన్ కూడా లేదు.

ఇదే ఊళ్లో ఒక పెద్ద షోరూంలో "చెప్పండి మేడమ్" అంటూనే ఆ అమ్మాయి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటోంది, రంగు అడిగితే ర్యాకు వైపు చూడకుండానే "స్టాక్ లేదు" అంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. మా వీధి అమ్మాయి అలాంటి చోటే చేసి మానేసింది, రాత్రికి పాదాలు వాచిపోయేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్ గురించి చెప్పింది కూడా ఇదే: అది రోగం కాదు, పనిచేసే చోట ఒత్తిడిని చాన్నాళ్లు పట్టించుకోకపోతే వచ్చేది. ఒంట్లో సత్తువ ఉండదు, పని మీద మనసు విరిగిపోతుంది, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నామనిపిస్తుంది. "ఈ కాలం పిల్లలకి శ్రద్ధ లేదు" అనే మాట నేను ఒప్పుకోను. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, మధ్యలో ముహూర్తాలు. తిరుపతిలో జనం తగ్గే నెల ఏదీ? అన్ని గంటలు నిలబెట్టి నవ్వమంటే ఎవరు నవ్వుతారు?

షాపుల్లో పనిచేసేవాళ్లు కూర్చోవడానికి సీటు ఉండాలని కేరళ 2018లో, పక్కనే ఉన్న తమిళనాడు 2021లో చట్టం మార్చుకున్నాయి. మన 1988 షాపుల చట్టంలో వారానికి ఒక పూర్తి సెలవు ఎప్పటి నుంచో ఉంది, ఇచ్చేవాళ్లెందరో మీరే అడిగి చూడండి. ఆ సెలవు వల్లో, ఆ స్టూళ్ల వల్లో ఇక్కడ వ్యాపారం దెబ్బతిన్నట్టు నాకైతే కనపడలేదు, మేం అనుకున్నదానికంటే నాలుగు చీరలు ఎక్కువే కొన్నాం.

లోపాలు లేవని కాదు. బిల్లింగ్ దగ్గర ఒక్కరే ఉన్నారు, చాలాసేపు నిలబడాలి. ఫాల్, పీకో అదే రోజు ఇవ్వరు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ఆటోలో వెళ్లండి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం వెళ్తే తీరిగ్గా చూపిస్తారు. ఓనర్ గారు ఇది చదివితే ఒకటే మాట, పెళ్లిళ్ల సీజన్‌కి ఇంకో ఇద్దరిని పెట్టుకోండి, అప్పుడు కూడా ఆ అమ్మాయిలకి కూర్చునే వీలుండాలి.