ఆర్‌లో వొరొనొయ్ మ్యాప్‌కి ఎస్‌ఎఫ్ ప్యాకేజీ ఎలా ఉంది? బెంగళూరు మెట్రో స్టేషన్లతో నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మ్యాపుల పనికి వాడే ఎస్‌ఎఫ్ ప్యాకేజీకి నేను ఐదుకి నాలుగిస్తాను, ఆ ఒక్కటీ తగ్గించడానికి కారణం కూడా ఒక్కటే. ఒక్కో పాయింట్‌కి దగ్గరుండే ప్రాంతాన్ని ఒక్కో గడిగా చకచకా గీసి ఇస్తుంది కానీ ఏ గడి ఏ పాయింట్‌దో చెప్పదు. మ్యాపుల పనిలో అది చిన్న విషయం కాదు.

నమ్మ మెట్రో స్టేషన్లన్నిటినీ పాయింట్లుగా తీసుకుని, బెంగళూరులో ఏ ప్రాంతానికి ఏ స్టేషన్ దగ్గరో హద్దులు గీయడం నా పని. ప్రతి స్టేషన్ చుట్టూ ఒక గడి వస్తుంది, ఆ గడిలో ఎక్కడ నిలబడినా మిగతా అన్నిటికంటే ఆ స్టేషనే దగ్గర. వీటినే వొరొనొయ్ పాలిగాన్స్ అంటారు, వర్షపాతం లెక్కలు వేసే ఇంజినీర్లు మాత్రం థీసెన్ పాలిగాన్స్ అంటారు, 1911లో థీసెన్ అనే వాతావరణ శాస్త్రవేత్త రెయిన్‌గేజ్‌ల కోసం ఈ పద్ధతి వాడాడు కాబట్టి. సివిల్ చదివినవాళ్లు హైడ్రాలజీ పేపర్‌లో స్కేలూ పెన్సిలూ పెట్టి గీసే ఉంటారు. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మొదలయ్యాక సిల్క్ బోర్డు, బొమ్మనహళ్లి వైపు గడులు ఎంత చిన్నవయ్యాయో చూడాలని నాకు చాలా ఆశగా ఉండేది, ఆ వైపు పీజీల్లో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు.

ఎస్‌ఎఫ్‌లో దీనికున్న ఫంక్షన్ ఎస్‌టీ_వొరొనొయ్. లోపల లెక్క చేసేది జియోస్ అనే లైబ్రరీ, దాని కచ్చితత్వానికీ వేగానికీ వంక పెట్టలేం. చిక్కంతా ఇచ్చి పుచ్చుకోవడం దగ్గరే. పాయింట్ల టేబుల్‌ని ఉన్నదున్నట్టు ఇస్తే ఒక్కో వరుసనూ విడివిడిగా చూస్తుంది, అందుకని ముందు ఎస్‌టీ_యూనియన్‌తో అన్నిటినీ కలిపి ఒకే మల్టీపాయింట్ చేయాలి. తిరిగొచ్చేది జామెట్రీ కలెక్షన్ అనే మూట, దాన్ని ఎస్‌టీ_కలెక్షన్_ఎక్స్‌ట్రాక్ట్‌తో విప్పాలి. విప్పి చూస్తే గడులుంటాయి, పేర్లుండవు. పైగా గడులు మనమిచ్చిన స్టేషన్ల వరుసలోనే వస్తాయన్న గ్యారంటీ లేదు. రెండిట్లోనూ వరుసల సంఖ్య ఒకటే కదా అని పక్కపక్కన అతికించామనుకోండి, ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, రంగురంగుల అందమైన మ్యాపే వస్తుంది, కాకపోతే జయనగర్ లెక్క పోయి యశ్వంతపూర్ గడిలో కూర్చుని ఉంటుంది. చూసేవాళ్లకి అనుమానమే రాదు. అందుకే ఏ గడిలో ఏ పాయింట్ పడిందో ఎస్‌టీ_జాయిన్‌తో చూసి పేరు తగిలించడం తప్పనిసరి, ఆ ఒక్క లైన్ దగ్గర మాత్రం బద్ధకించకండి. కొత్త వెర్షన్లలో పాయింట్_ఆర్డర్ అనే ఆప్షన్ ఇచ్చారు, ట్రూ అని పెడితే మన వరుసే కాపాడుతుంది, అయితే జియోస్ 3.12 గానీ ఆ పైది గానీ ఉండాలి. ప్యాకేజీ లోడ్ చేయగానే ఆ నంబరు స్క్రీన్ మీద కనబడుతుంది. ఇంత అవసరమైనదాన్ని డిఫాల్ట్‌గా ఫాల్స్‌లో ఉంచడమే నాకు నచ్చలేదు.

అక్షాంశ రేఖాంశాలు నేరుగా ఇస్తే వార్నింగ్ వస్తుంది, దాన్ని చూసి కొత్తవాళ్లు టెన్షన్ పడతారు. డిగ్రీలని మామూలు ఎక్స్, వై లాగా లెక్కేస్తుందని దానర్థం. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గరుంది కాబట్టి ఇక్కడ ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 108.5 కిలోమీటర్లు, ఒక డిగ్రీ అక్షాంశం 110.6 కిలోమీటర్లు, అంటే తేడా రెండు శాతమే, గడులు మరీ వంకర పోవు. అదే ఢిల్లీలో అయితే తేడా 12 శాతం దాకా ఉంటుంది. అయినా సరే ముందే యూటీఎమ్‌లోకి, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే విధానంలోకి మార్చుకోవడమే పద్ధతి, దాన్ని సాఫ్ట్‌వేర్‌కి చెప్పే ఈపీఎస్‌జీ కోడ్ బెంగళూరుకి 32643. చెన్నై డేటాతో చేసేవాళ్లు ఇదే నంబరు కాపీ కొట్టకండి, 78 డిగ్రీల రేఖాంశం దాటితే జోన్ మారిపోతుంది, మీకు 32644 కావాలి.

తర్వాత డూప్లికేట్లు. మెజెస్టిక్‌లో పర్పుల్, గ్రీన్ రెండూ కలుస్తాయి, ఆర్.వి. రోడ్‌లో గ్రీన్, ఎల్లో కలుస్తాయి. లైన్ల వారీగా లిస్టు తీసుకుంటే ఈ స్టేషన్లు రెండేసి సార్లు వస్తాయి, రెండు పాయింట్ల మధ్య కొద్ది మీటర్ల తేడా ఉన్నా చాలు మెజెస్టిక్ గడి నిలువునా రెండు ముక్కలవుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, డేటా మనమే సరిచేసుకోవాలి.

అంచుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చివరి స్టేషన్ల గడులకి నిజానికి హద్దు ఉండదు, అనంతంగా పోతూనే ఉంటాయి, సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఒక పెట్టె గీసి ఆపుతుంది. ఎన్వలప్ అనే ఆర్గ్యుమెంట్‌లో ఊరి సరిహద్దు ఇస్తే అక్కడికి కత్తిరిస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ అది కత్తెర కాదు, మామూలుగా వేసుకునే పెట్టె కంటే పెద్దదిస్తేనే దాన్ని పట్టించుకుంటుంది. కత్తిరించాలంటే ఎస్‌టీ_ఇంటర్‌సెక్షన్ వాడాల్సిందే. కత్తిరించకుండా మాదావర, చల్లఘట్ట లాంటి చివరి స్టేషన్ల విస్తీర్ణం లెక్కేస్తే ఆ అంకెకి అర్థమే లేదు. ఇంకో మాట, ఎల్లో లైన్ చివరనున్న బొమ్మసంద్ర పాత బీబీఎంపీ (బెంగళూరు నగర పాలక సంస్థ) హద్దులకి బయట ఉంది. బయట ఉంది కదా అని ఆ పాయింట్‌ని ముందే తీసేస్తే దాని వాటా కూడా పక్క స్టేషన్‌కి పోతుంది. అన్ని స్టేషన్లతో గడులు గీశాకే కత్తిరించండి, ఈ క్రమం తప్పితే మ్యాపే తప్పు.

ఇదంతా చదివి విసుగొస్తే ఆర్‌లోనే టెర్రా అనే ఇంకో ప్యాకేజీ ఉంది. అందులో వొరొనొయ్ అని ఒక్క మాట రాస్తే చాలు, పాయింట్లతో ఉన్న పేర్లూ అంకెలూ గడులతో పాటే వస్తాయి, క్రాప్ అంటే సరిహద్దుకి కత్తిరిస్తుంది. ఈ ఒక్క పని వరకే అయితే నేను టెర్రానే వాడమంటాను. మిగతా పనంతా ఎస్‌ఎఫ్‌లో ఉన్నవాళ్లు ఎస్‌ఎఫ్‌లోనే ఉండి జాయిన్ చేసుకోవడం మేలు. పాతదైన డెల్డిర్ ప్యాకేజీ కూడా గట్టిదే, ఒక్కో గడి విస్తీర్ణం టేబుల్‌గా ఇచ్చేస్తుంది, కానీ దానికి ప్రొజెక్షన్ల (గుండ్రటి భూమిని చదునైన మ్యాప్‌గా మార్చే విధానాల) సంగతి తెలియదు, ఎక్స్, వై అంకెలు మాత్రమే తెలుసు. ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ అనే ప్యాకేజీలతో రాసిన పాత కోడ్ దొరికితే మాత్రం వదిలేయండి, ఆ రెంటినీ 2023 అక్టోబరులో రిటైర్ చేశారు.

ప్లాట్ చేసేటప్పుడు ఊరికే ప్లాట్ అంటే ఒక్కో కాలమ్‌కి ఒక్కో చిన్న మ్యాప్ చొప్పున తొమ్మిది దాకా వేసేస్తుంది. ఏ కాలమ్ కావాలో చెప్పండి, లేదా బొమ్మలు గీసే జీజీప్లాట్ ప్యాకేజీలో జియోమ్_ఎస్‌ఎఫ్ వాడండి, నాకైతే అదే ఇష్టం. వచ్చిన మ్యాప్‌ని జాగ్రత్తగా చదవాలి. ఇదంతా కాకి ఎగిరే దూరం, ఆ గీతకి బెళ్లందూరు చెరువు అడ్డం కాదు, హెచ్‌ఏఎల్ రన్‌వే అడ్డం కాదు, ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ అసలే అడ్డం కాదు. బస్సులో వెళ్లే మనిషికి దగ్గర స్టేషన్ ఏదో తెలియాలంటే రోడ్ల మీద దూరం లెక్కపెట్టాలి, అది వేరే పని.

స్టేషన్ పేర్లు తెలుగులో వేయాలనుకునేవాళ్లు మామూలు పీడీఎఫ్ డివైస్‌తో సేవ్ చేయకండి, అక్షరాల బదులు చుక్కలొస్తాయి. రాగ్ ప్యాకేజీతో పీఎన్‌జీగా సేవ్ చేసి, ఫాంట్ నోటో సాన్స్ తెలుగు అని పెడితే ఒత్తులూ గుణింతాలూ చక్కగా వస్తాయి.