తిరిగే సీటు, ఆరని ఎర్ర లైటు: మూడేళ్ళ వాడకం తర్వాత

మా క్యాంపర్ వ్యాన్ చూడ్డానికి ఎవరొచ్చినా నేను మొదట చూపించేది ముందువైపు ఎడమ సీటు. కింద లివరు ఎత్తి మెల్లగా తోస్తే సీటు వెనక్కి తిరిగి, లోపలి గదికి ఎదురుగా నిలబడుతుంది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ముందు తలుపులోంచి దిగి, బండి చుట్టూ నడిచి, పక్క తలుపు మెట్టెక్కి లోపలికి రావడం ఆవిడకు పెద్ద పని. ఈ సీటు పెట్టించాక కూర్చున్న చోటనే తిరిగి, లేచి రెండడుగులు వేస్తే మంచం. అందుకే కొత్తలో అడిగిన వాళ్ళందరికీ "బండి మీద పెట్టిన డబ్బుల్లో పూర్తిగా గిట్టుబాటయింది ఈ సీటొక్కటే" అని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు మూడేళ్ళు దాటింది, 46 వేల కిలోమీటర్లు తిరిగాం. ఆ మాట అంత గట్టిగా చెప్పలేను. ఎందుకో చెప్పాలంటే ఎయిర్‌బ్యాగ్ (గుద్దుకున్నప్పుడు ఉబ్బి మనిషిని కాపాడే గాలి సంచి) లైటు కథ మొత్తం చెప్పాలి. మైలేజీ, ఏసీ, నీళ్ళ ట్యాంకు, సోలార్ ప్యానెల్ సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్ళను.

లైటు మొదటిసారి వెలిగింది ఎనిమిదో నెలలో. శ్రీకాకుళం నుంచి బారువ బీచికి బయల్దేరాం. మడపాం టోల్‌గేటు దాటి నరసన్నపేట దగ్గరకు వచ్చేసరికి డ్యాష్‌బోర్డులో కూర్చున్న మనిషి, ఆ మనిషి ముందు గుండ్రటి బంతి ఉన్న ఎర్ర గుర్తు వెలిగింది. నాకంటే ముందు అమ్మే చూసింది. "ఏట్రా అది, ఎర్రగా ఎలిగింది?" అంది. ఏమీ కాదమ్మా అన్నాను. పొద్దున్నకు ఆరిపోయింది, నేనూ మర్చిపోయాను. మర్చిపోయి ఉండకూడదు.

తాళం తిప్పగానే ఆ గుర్తు ఐదారు సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ తన వైర్లన్నీ సరిచూసుకునే సమయం అది. ఆ తర్వాత కూడా ఆరకపోయినా, నడుస్తుండగా వెలిగినా ఎక్కడో లోపం దొరికిందని అర్థం. అప్పుడు గుద్దుకుంటే బ్యాగు తెరుచుకోకపోవచ్చు, బెల్టును బిగించే ప్రీటెన్షనర్ పనిచేయకపోవచ్చు. ఎక్కడో ఒక్కచోట లోపం ఉన్నా మొత్తం వ్యవస్థను ఆపేసే బండ్లూ ఉన్నాయి. ఇంజను లైటు వెలిగితే బండి ఆగిపోతుందేమోనని భయపడి పరుగెడతాం. ఈ లైటు వెలిగినా బండి మామూలుగానే పోతుంది, అందుకని ఎవరికీ పట్టదు. నా కోపమంతా ఆ పట్టకపోవడం మీదే.

రెండోసారి వెలిగినప్పుడు ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. స్కానర్ పెట్టి, కంట్రోల్ యూనిట్ రాసుకున్న లోపం గుర్తును, అంటే కోడ్‌ను, చెరిపేసి, "క్లియర్ అయిపోయింది సార్" అన్నారు. 750 రూపాయలు. లోపం ఎక్కడుంది అని అడిగితే "సెన్సార్ ఎర్రర్ సార్, ఇక రాదు" అన్నారు. పదకొండో రోజున వచ్చింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ కొట్టేశారు. మూడోసారి వెళ్ళినప్పుడు ఎడమ సీటు బెల్టు బకిల్ (బెల్టు కొన వెళ్ళి తగులుకునే భాగం), దానితో ఉన్న ప్రీటెన్షనర్ మొత్తం మార్చాలన్నారు. 18,400 రూపాయలు అయింది. అమ్మ కూర్చునే సీటు కదా అని మారుమాట లేకుండా కట్టాను. పంతొమ్మిదో రోజున కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తే అదే గుర్తు, అదే ఎరుపు. ఈసారి అమ్మ ఏమీ అడగలేదు. నా మొహంలోకి చూసి, తన బెల్టు ఒకసారి లాగి చూసుకుంది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

ఆ రోజు నుంచి అమ్మను ముందు కూర్చోబెట్టడం మానేశాను. వెనక ముందుకు చూసే సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టేవాణ్ణి. ఆవిడకు రోడ్డు కనపడదు, వాంతి వచ్చినట్టుంటుంది. ఏ సీటు కోసం ఇంత ఖర్చు పెట్టామో ఆ సీటు ఖాళీగా మా ముందు తిరుగుతూ ఉండేది.

ఈ మధ్యలో నాకు దొరికిన సలహాలు కూడా చెప్పాలి. హైవే పక్క ఒక ఎలక్ట్రీషియన్ "ఆ లైటు కనెక్షన్ పీకీద్దాం బాబూ, కనబడకపోతే టెన్షన్ ఉండదు" అన్నాడు. ఇంకొకాయన బకిల్ వైరు దగ్గర చిన్న రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే ముక్క) పెడితే కంట్రోల్ యూనిట్ అంతా బాగుందనుకుంటుందని చెప్పాడు. ఆ పని నిజంగానే చేసేవాళ్ళున్నారు. దయచేసి ఎవరూ చేయించుకోకండి. లైటు ఆరుతుంది, కానీ గుద్దుకున్న క్షణాన కరెంటు ఆ రెసిస్టర్‌లోకి పోతుంది, బెల్టు బిగుసుకోదు. పాత బండి కొనేవాళ్ళకు కూడా ఇదే చెబుతున్నాను. తాళం తిప్పినప్పుడు ఈ గుర్తు అసలు వెలగకపోతే సంతోషించకండి. వెలిగి ఆరడమే మామూలు, కానీ రెసిస్టర్ పెట్టిన బండిలో అదీ నమ్మలేం.

నేను ఆన్‌లైన్‌లో కొన్న చవక బ్లూటూత్ స్కానర్ కూడా ఉపయోగపడలేదు. అది ఇంజను కోడ్లు చూపిస్తుంది గానీ, "బి" అక్షరంతో మొదలయ్యే ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చదవలేదు. ఆ డబ్బూ పోయింది.

అప్పుడు చేసిన ఒక్క మంచి పని, కిరాణా లెక్కల నోటుబుక్కు ఒకటి బండిలో పెట్టి, లైటు వెలిగినప్పుడల్లా రాయడం. ఎక్కడ, ఎన్ని గంటలకు, వాన ఉందా, ముందురోజు రాత్రి ఎక్కడ ఆపాం. ఏడుసార్లు రాశాక నోటుబుక్కు చదువుతుంటే మా ఆవిడే పట్టుకుంది. "రాత్రి సీటు తిప్పిన మర్నాడేనండీ ఇదంతా" అంది. చూస్తే నిజమే. శ్రీముఖలింగంలో గుడి చూసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేసిన రోజు లైటు లేదు. టెక్కలిలో బంధువుల ఇంట్లో పడుకున్న రోజూ లేదు. బారువలో, కళింగపట్నంలో బండిలోనే పడుకున్న ప్రతిసారీ ఉంది. సముద్రపు గాలి అనుకున్నాను ముందు. అదీ కొంత కారణమేనని తర్వాత తేలింది గానీ అసలు దోషి సీటే.

నోటుబుక్కు పట్టుకుని విజయనగరంలో ఒక వైరింగ్ మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. సాలూరు లారీల దగ్గర పని నేర్చుకున్న పెద్దాయన. కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయిందే 2019 జులై 1 నుంచి. పక్క సీటుకు ఇంకా తర్వాత. కాబట్టి లారీల మేస్త్రికి ఈ వైర్లు ఏం తెలుస్తాయిలే అనుకుంటూనే వెళ్ళాను. నా అనుమానం తప్పు. ఆయన నోటుబుక్కు మొత్తం చదివాడు. అప్పటిదాకా ఏ సర్వీస్ సెంటర్లోనూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

కొడుకు దగ్గరున్న పెద్ద స్కానర్ తెప్పించి, సీటు దగ్గర ఎవరినీ ఉండనీయకుండా కోడ్ చదివించాడు. ఎడమ సీటు ప్రీటెన్షనర్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, ఎక్కువ. తర్వాత తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, దానికి గుడ్డ చుట్టి పక్కకు పెట్టాడు. ఇంక మొదలుపెట్టొచ్చు కదా అంటే, "లోపల కరెంటు కాసేపు దాసుకుంటాది బాబూ. టీ తాగుదాం" అన్నాడు. పది నిమిషాలు ఆగాం. నేను మల్టీమీటర్ తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. బ్యాగులోనూ ప్రీటెన్షనర్‌లోనూ ఉండేది మందుగుండు, దాన్ని అంటించే తీగకు మామూలు మీటరు పెడితే ఆ కాస్త కరెంటుకే పేలే ప్రమాదం ఉంది. ఆ తీగ రెసిస్టెన్స్ రెండు ఓమ్‌ల చుట్టుపక్కలే ఉంటుంది. అంత చిన్న కొలతలో కొంచెం తుప్పు, కొంచెం వదులు చాలు, కంట్రోల్ యూనిట్ లోపం కింద రాసేసుకుంటుంది.

టార్చి నా చేతికిచ్చి ఆయన కింద పడుకున్నాడు. నన్ను సీటు అంగుళం అంగుళం తిప్పమన్నాడు. సగం దూరం తిరిగేదాకా ఏమీ లేదు. అక్కడ నుంచి పసుపు తొడుగు వేసిన వైరు చీర కొంగు మేకుకు పట్టుకున్నట్టు బిగుసుకుంది. దాని చివర పసుపు ప్లగ్గు. కంపెనీ సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి సరిపడా వైరు ఇచ్చింది, గుండ్రంగా తిరగడానికి ఇవ్వలేదు. సీటు తిప్పే చక్రం బిగించినవాళ్ళు ఆ వైరును అలాగే వదిలేశారు. చక్రం అంచు తగిలి తగిలి తొడుగు ఒకచోట అరిగి, లోపల రాగి మెరుస్తోంది. ప్లగ్గు ఊడలేదు, అలాగని పూర్తిగా కూర్చోనూ లేదు. లాక్ సగంలో ఉంది. విప్పి చూపిస్తే ఒక పిన్ను మీద ఆవగింజంత పచ్చటి చిలుము. సముద్రపు గాలి వాటా అది. ప్లగ్గు లోపల ఒక సన్నటి స్ప్రింగు రేకు కూడా చూపించాడు. ప్లగ్గు ఊడినప్పుడు రెండు పిన్నులనూ కలిపేసి, పొరపాటున కరెంటు తగిలి పేలకుండా కాపాడేది అదట. అంత చిన్న రేకులో అంత ముందుచూపు పెట్టినవాళ్ళను చూసి గౌరవం కలిగింది. అదే సమయంలో, కోడ్ కొట్టేసి డబ్బు తీసుకున్న మూడుసార్లలో ఒక్కసారైనా ఎవరూ ఈ సీటు కిందకు వంగి చూడలేదే అని ఒళ్ళు మండింది. కొత్తగా కొన్న 18,400 రూపాయల బకిల్‌ను కూడా ఇదే సగం ఊడిన ప్లగ్గుకు తగిలించారు.

ఇప్పటికి అతుకు వేసి టేపు చుట్టండి, ఇంటికి వెళ్ళిపోతాను అన్నాను. "లారీ హెడ్‌లైటు వైరయితే కట్టీసి పంపీనును. ఇది మీ అమ్మ పానం. అతుకు పెట్టను" అన్నాడు. ప్లగ్గుతో సహా కంపెనీ వైరు ముక్క తెప్పించమన్నాడు. వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. వైరు 3,200, మజూరీ 1,500. చక్రం నడిమధ్యనున్న బెజ్జంలోంచి వైరు తీసి, పాము చుట్టలా ఒక చుట్టు వదులుగా వదిలి, గరుకు ప్లాస్టిక్ గొట్టం తొడిగి, ప్లగ్గు టిక్కుమని కూర్చున్నాక నాతో రెండుసార్లు లాగించాడు. ఒక షరతు పెట్టాడు. సీటు ఒకవైపే తిప్పాలి, తిప్పిన వైపు నుంచే వెనక్కి తేవాలి, గుండ్రంగా చుట్టూ తిప్పేయకూడదు. పిల్లలు ఆడుకోకుండా లివరుకు చిన్న గొళ్ళెం కూడా పెట్టించాను.

అది జరిగి పందొమ్మిది నెలలు. ఈ మధ్యలో లైటు ఒక్కసారే వెలిగింది, అది వేరే కారణం. బారువలో మూడు రోజులు బండి కదల్చకుండా ఫ్రిజ్ నడిపితే స్టార్టింగ్ బ్యాటరీ నీరసించిపోయింది. ఓల్టేజి తక్కువన్న కోడ్ వచ్చింది. ఛార్జి ఎక్కించి కోడ్ తీయిస్తే మళ్ళీ రాలేదు. ఫ్రిజ్‌ను వేరే బ్యాటరీకి మార్పించాను. కాబట్టి లైటు వెలిగిన ప్రతిసారీ సీటే కారణం అని ఎవరికీ చెప్పను. కొన్ని బండ్లలో స్టీరింగు లోపల చుట్టగా ఉండే కేబుల్ తెగి కూడా ఇదే లైటు వస్తుంది. కోడ్ చదివించి, ఏ సర్క్యూటో పేరుతో సహా కాగితం మీద రాయించుకోండి. కొట్టేస్తాం అంటే, కొట్టేయడానికి ముందే రాయించుకోండి.

అమ్మ మళ్ళీ ముందు సీట్లోకి వచ్చింది. ఇప్పుడు నేను తాళం తిప్పగానే ఆవిడే ఒకటి, రెండు అని లెక్కపెడుతుంది. ఆరిపోయాక "పోనాది, పద" అంటుంది. అప్పటిదాకా నేను గేరు వేయను.

మరి సీటు మంచిదా కాదా అంటే, నా ఒక్కడి లెక్క చెప్పగలను. చక్రం వల్ల సీటు నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగింది. అమ్మ పొట్టి మనిషి, పాదాలు నేలకు ఆనవు, కింద చెక్కపీట వేశాను. బండి తయారుచేసినవాళ్ళు బెల్టునూ బ్యాగునూ పరీక్షించిన ఎత్తు ఇది కాదన్న సంగతి నా మనసులో ఇంకా మెదులుతూనే ఉంది. మేం నెలకు రెండుమూడు రాత్రులు బండిలో పడుకుంటాం, ప్రయాణాలు చాలావరకు ఇచ్ఛాపురం నుంచి విజయనగరం మధ్యలోనే. రోజూ బండిలోనే బతికేవాళ్ళయితే ఆ వైరు ఎన్ని తిప్పుళ్ళు తట్టుకుంటుందో నేను హామీ ఇవ్వలేను. ఇద్దరూ కుర్రవాళ్ళయి, దిగి ఎక్కడానికి ఇబ్బంది లేకపోతే కంపెనీ సీటును కదపకుండా ఉంచుకోమంటాను. పెట్టించుకుంటే మాత్రం చక్రం బిగించే రోజున దగ్గరుండి, వైరు ఎటు నుంచి వస్తోందో కళ్ళతో చూడండి. నేను ఆ రోజు డబ్బు కట్టి టీ తాగడానికి వెళ్ళాను.

మా అమ్మ మోకాళ్ళు బాగుండి ఉంటే ఈ సీటు పెట్టించేవాణ్ణి కాదు. ఈ సీటు ఉన్నంతకాలం నెలకొకసారి టార్చి పట్టుకుని దాని కింద పడుకుంటాను.