వచనమా, సాక్ష్యమా, సువార్త మొత్తమా? అడిగినవాడికి ఏది ఇవ్వాలి

కిందటి డిసెంబరులో మా వీధి చివర టైలర్ బాబాయ్ నా ప్యాంటు కొలతలు తీసుకుంటూ, పంటి కింద ఉన్న గుండుసూది తీసి మరీ అడిగాడు. "ఏం అబ్బాయ్, ఇన్నేళ్ళుగా చూస్తున్నా, ఆదివారం ఆదివారం పుస్తకం చంకన పెట్టుకుని వెళ్తావు. అసలందులో ఏముంది?"

అడగనివాళ్ళ వెంటపడి చెప్పే మనం, నిజంగా అడిగినవాడి ముందు నీళ్ళు నములుతాం. నేనూ నమిలాను. అప్పుడు నాకు తోచినవి మూడు దారులు. కంఠతా వచ్చిన బైబిలు వచనం ఒకటి చెప్పడం, నా సాక్ష్యం, అంటే నా విశ్వాస అనుభవం చెప్పడం, యేసు జీవితకథ చెప్పే సువార్తల్లో ఒకటి మొదటినుంచీ కలిసి చదవడం. చివరికి మూడూ చేశాను, అదే వరసలో.

వచనం దారి చాలా సులువు. కొత్త సంవత్సరం ఆరాధనలో పంచే, వచనం అచ్చేసిన వాగ్దాన కార్డు జేబులోనే ఉంటే తీసి ఇచ్చేశాను. యిర్మీయా 29:11. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." బాబాయ్ దాన్ని కళ్ళకద్దుకుని, క్యాలెండర్ పక్కన, నిమ్మకాయ మిరపకాయల దండ కింద అతికించాడు. "మంచి మాట అబ్బాయ్. షాపుకి కలిసొస్తుందంటావా?"

తప్పు ఆయనది కాదు. ఆ మాట బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యెరూషలేము నుంచి ప్రవక్త యిర్మీయా పంపిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ళు గడవాలని ఉంది. అంటే ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది ఆ రోజు చూడరు. కార్డు మీద అది వేయరు కదా. చుట్టూ ఉన్న కథ కోసేసి వచనం ఒక్కటే చేతిలో పెడితే, ఎదుటివాడు దాన్ని తాయెత్తులాగే వాడుకుంటాడు. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే పూలబొమ్మల వచనాల సంగతీ ఇంతే. విశ్వాసికి అది గుర్తుచేసే మాట, కొత్తవాడికి కేలండర్ సూక్తి.

సాక్ష్యం దీనికంటే చాలా మెరుగు. యోహాను సువార్త 9లో యేసు వల్ల చూపు వచ్చిన పుట్టుగుడ్డివాడు పరిసయ్యులనే యూదు మతనిష్ఠాపరులతో వాదనకు దిగకముందే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను." దానికి ఎదురు చెప్పడం కష్టం. మన ఒంగోలు చరిత్రా అదే చెబుతుంది. తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది, వ్యాపారం మీద తిరిగిన పల్లెల్లోనే తాను నమ్మింది చెప్పుకుంటూ పోయాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. వాళ్ళ దగ్గరికి విశ్వాసం మనిషి నోటి మీదుగానే వెళ్ళింది.

అందుకే రెండోసారి ట్రయల్‌కి వెళ్ళినప్పుడు నా సాక్ష్యం చెప్పాను. నాన్నగారు పోయాక నేను ఎలా ఉండేవాణ్ణి, ఎలా తేరుకున్నాను అన్నది. బాబాయ్ మిషన్ ఆపేసి విన్నాడు. విని, "మా బావమరిదికీ ఇలాగే అయింది అబ్బాయ్. తిరుపతి కొండకి నడిచి వెళ్ళొస్తానని మొక్కుకున్నాడు, మనిషి కోలుకున్నాడు" అన్నాడు.

ఏమనను? ఆయన అనుభవం అబద్ధమని చెప్పే హక్కు నాకెక్కడిది? మన కూటాల్లో వీసా వచ్చిందనీ, జబ్బు తగ్గిందనీ చెప్పే సాక్ష్యాలకు ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. అవి నా గురించి చెబుతాయి, యేసు ఎవరో చెప్పవు. యోహాను 4లో సమరయ ఊరివాళ్ళు కూడా మొదట, బావి దగ్గర యేసుతో మాట్లాడిన తమ ఊరి స్త్రీ మాట మీదే నమ్మారు. తరవాత, ఇక నీ మాటనుబట్టి కాదు, మేమే విన్నాం అని ఆవిడతోనే అన్నారు.

ఆ "మేమే విన్నాం" అనేది జరగాలంటే మూడో దారే. ప్యాంటు తెచ్చుకునే రోజున మార్కు సువార్త చిన్న పుస్తకం తీసుకెళ్ళాను. యోహాను ఎందుకు కాదంటే, "ఆదియందు వాక్యముండెను" దగ్గరే కొత్తవాళ్ళు ఆగిపోతారు. మార్కుకు పదహారు అధ్యాయాలే, కథ పరిగెడుతుంది. కరెంటు పోయిన మధ్యాహ్నాలు షాపులో కూర్చుని చదివేవాళ్ళం. ఆయన చదువుతాడు, నేను వింటాను.

పాత అనువాదంతో తంటా ఉంది, దాచను. "శాస్త్రులు" అన్నప్పుడల్లా ఆయనకి గుడి పూజారి శాస్త్రిగారే కనిపించారు. వాళ్ళు యూదుల ధర్మశాస్త్ర పండితులని మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. "మారుమనస్సు", అంటే పాపం విడిచి దేవుడివైపు తిరగడం, దగ్గరా ఆగాడు. పుస్తకం ఇచ్చేసి చేతులు దులుపుకోవడం కుదరదనేది ఇందుకే. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా ప్రవక్త గ్రంథం చదువుతుంటే, గ్రహించుచున్నావా అని సువార్తికుడు ఫిలిప్పు అడిగాడు. "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను" అన్నాడాయన.

కానీ దారి చూపడం ఎప్పుడూ ఒకవైపే సాగదు. రెండో అధ్యాయంలో పాతబట్టకు కొత్తగుడ్డ మాసిక వేయరన్న మాట వచ్చింది. నేను ప్రసంగాల్లో విన్న అర్థం చెప్పబోతుంటే బాబాయ్ చెయ్యెత్తి ఆపాడు. మూలనున్న ముక్కల సంచిలోంచి ఉతకని కాటన్ గుడ్డ తీసి, నా పాత చొక్కా మోచేతి మీద పెట్టి చూపించాడు. "ఇది ఉతికితే ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ చుట్టూ ఉన్న పాత గుడ్డని లాగేస్తుంది. చిరుగు ఇంతది అంతవుతుంది. చెప్పినాయనకి కుట్టు పని తెలుసబ్బాయ్." ఇరవై ఏళ్ళుగా చదువుతున్న వచనం నాకు ఆ రోజు అర్థమైంది.

"వాక్యం చెబుతోంది" అని గట్టిగా అంటే చాలదా అని మా సంఘ పెద్దలు అంటారు. ఆ పుస్తకాన్ని ముందే ఒప్పుకున్నవాడికి చాలు. అదే అపొస్తలుల కార్యములు 17 చూడండి. థెస్సలొనీకలో సమాజమందిరంలో యూదులతో అపొస్తలుడు పౌలు మూడు విశ్రాంతిదినాలు లేఖనాల్లోంచే తర్కించాడు. అదే అధ్యాయంలో ఏథెన్సులో గ్రీకుల ముందు నిలబడి మాట్లాడేసరికి ఫలానా లేఖనంలో ఇలా ఉందని ఒక్కసారీ అనలేదు. "తెలియబడని దేవునికి" అని రాసిన బలిపీఠంతో మొదలుపెట్టి వాళ్ళ కవీశ్వరుల మాటే ఎత్తాడు. బాబాయ్‌ది ఏథెన్సు. ఆయనకి వచనం రుజువు కాదు. కథగా చదవమంటే మాత్రం ముందుగా దేన్నీ ఒప్పుకోనక్కర్లేదు, చదివితే చాలు.

నా మటుకు సాక్ష్యంతో మొదలుపెట్టి, తొందరగా ముగించి, సువార్త తెరవడమే మేలు. వచనాల కార్డులు సంఘంలోనే ఉండనివ్వండి. సువార్త తెరవడం కూడా అడిగినవాళ్ళకే. అపొస్తలుడు పేతురు తన పత్రికలో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నది "హేతువు అడుగు ప్రతివానికిని", అదీ సాత్వికంతో. ఆసుపత్రి మంచం మీదున్నవాడి చేతిలో కరపత్రం కుక్కడం నాకు నచ్చదు.

ఉగాది నాటికి పద్నాలుగో అధ్యాయానికి వచ్చాం. గెత్సేమనే అనే చోట యేసును పట్టుకున్నాక, నారబట్ట ఒక్కటే చుట్టుకున్న పడుచువాడు దాన్ని వాళ్ళ చేతుల్లో వదిలేసి దిగంబరంగా పారిపోయాడని రెండు వచనాలున్నాయి. బాబాయ్ కళ్ళజోడు పైకి తోసి, "ఈ కుర్రాడెవడు? నారబట్ట అంటే అప్పట్లో ఖరీదైంది కదా, అదీ వదిలేశాడా?" అన్నాడు.

"తెలీదు బాబాయ్. పేరు రాయలేదు."

"కట్టుబట్ట వదిలేసేంత భయం ఏంటబ్బాయ్," అంటూ పేజీ తిప్పాడు.