పికప్‌కి మైలేజ్ సామాన్లు: ఏది పైసలు రాబడుతుంది, ఏది తింటుంది

మిర్యాలగూడ మిల్లులకు వడ్లు, నల్లగొండ నుంచి బత్తాయి, జడ్చర్ల మార్కెట్‌కు పల్లి, పత్తి. ఈ లోడ్లకు తిరిగే, రెండున్నర లీటర్ల ఇంజిన్ ఉన్న డీజిల్ పికప్‌కి రోడ్డునీ బరువునీ బట్టి లీటరుకు 10 నుంచి 14 దాకా వస్తుంది. మధ్యస్తంగా 12 అనుకుందాం. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగితే 250 లీటర్లు. మైలేజ్ నూటికి ఐదు పెరిగితే మిగిలేది 12 లీటర్లు, అంటే డీజిల్ లీటరు 96 అనుకుంటే 1,150 రూపాయలు. ఏ సామాను కొన్నా దాని ధరను ముందు ఈ అంకెతో భాగించి, ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో చూడాలి.

"అన్నా, పెట్టి చూడు, నాలుగు పెరుగుతది" అని అమ్మేటాయన చెప్పేది నూటికి ముప్పైకి పైమాట. సిలిండర్‌లో పడ్డ డీజిల్ మామూలుగానే నూటికి 98 వంతుల పైన కాలిపోతుంది. వృథా అయ్యేదంతా పొగగొట్టంలోంచి, రేడియేటర్‌లోంచి వేడిగా పోయేదే. కాలకుండా మిగిలిన డీజిల్‌ను కాల్చేస్తామనే సామాను ఏదైనా ఆ మిగిలిన రెండు వంతుల్లోంచే తీసి చూపించాలి. ముప్పై ఎక్కడి నుంచి తెస్తుంది?

పరీక్షించాలంటే మీటర్ మీద కనిపించే మైలేజ్‌ను నమ్మొద్దు. ట్యాంక్ టు ట్యాంక్ కొలవండి. అదే బంకు, అదే పంపు, బండిని అదే వైపు నిలబెట్టి, నాజిల్ మొదటిసారి కట్ అయ్యేదాకానే పోయించాలి. గొంతు దాకా నింపితే నురుగు వల్ల ఒక్కోసారి ఒకటి రెండు లీటర్ల తేడా పడుతుంది, మీరు వెతుకుతున్న లాభం ఆ తేడాలోనే మునిగిపోతుంది. సామాను పెట్టకముందు మూడు ట్యాంకులు, పెట్టాక మూడు ట్యాంకులు కొలిచి, లోడు సరిపోల్చుకోవడానికి కాంటా చీటీలు దాచి పెట్టుకోండి. కొత్త సామాను పెట్టిన వారం డ్రైవర్ కూడా నెమ్మదిగా తోలతాడు. సగం మంది "పెరిగింది" అనేది ఆ వారం లెక్కే.

మెకానిక్ స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే "ఎకో" ప్లగ్గు, డీజిల్ పైపుకు కట్టే అయస్కాంతం, నీళ్ల నుంచి గ్యాస్ తీసే హెచ్‌హెచ్‌ఓ కిట్టు: మూడూ కొనొద్దు. ప్లగ్గు విప్పి చూస్తే లోపల చిన్న బోర్డు, రెండు మూడు ఎల్ఈడీలు. అది ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, ఏ లెక్కా మార్చదు. డీజిల్‌ను అయస్కాంతం కదిలించలేదు. హెచ్‌హెచ్‌ఓ కిట్టుకు కావలసిన కరెంట్ ఆల్టర్నేటర్ ఇవ్వాలి, ఆల్టర్నేటర్‌ను తిప్పేది అదే డీజిల్. ఇచ్చినదానికంటే తిరిగి వచ్చేది ఎప్పుడూ తక్కువే.

ట్యూనింగ్ బాక్స్ సంగతి వేరు. ఇది నిజంగానే పని చేస్తుంది, కానీ చేసేది మీరు అడిగిన పని కాదు. ఇంజెక్టర్లకు ప్రెషర్‌తో డీజిల్ అందించే గొట్టం, అంటే కామన్ రైల్ మీద ఉండే ప్రెషర్ సెన్సార్ సాకెట్ ఊడదీసి బాక్స్‌ను మధ్యలో కలుపుతారు. రైల్‌లో ప్రెషర్ 1,000 బార్ ఉంటే బాక్స్ ఈసీయూకు 900 అని చెబుతుంది. తగ్గిందనుకుని ఈసీయూ ప్రెషర్ పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే సమయం మాత్రం మారదు కాబట్టి, అంతే సమయంలో ఎక్కువ డీజిల్ పడుతుంది. లాగుడు పెరుగుతుంది, లోడుతో ఎక్కేటప్పుడు హాయిగా ఉంటుంది. డ్రైవర్ ఆ బలాన్ని వాడుకుని ముందే పై గేరు వేసి, 1,500 – 2,000 ఆర్‌పీఎం మధ్యలో తోలితే కాస్త మైలేజ్ కనిపించొచ్చు. వేగానికి వాడుకుంటే తగ్గుతుంది.

అసలు మోసం మీటర్ దగ్గర ఉంది. మీటర్ మీది మైలేజ్‌ను ఈసీయూ తాను పోయించానని అనుకుంటున్న డీజిల్ నుంచి లెక్కేస్తుంది. బాక్స్ ఆ లెక్కనే తప్పుదోవ పట్టించింది. కాబట్టి మీటర్ మీద అంకె పెరుగుతుంది, బంకు బిల్లు మాత్రం అక్కడే ఉంటుంది. అమ్మేవాళ్లు మీటర్ ఫోటోలే చూపించడానికి కారణం ఇదే. బాక్స్‌ను ఎక్కువ సెట్టింగ్‌లో పెడితే లోడుతో ఎక్కేటప్పుడు రైల్ ప్రెషర్ తేడా కోడ్ వచ్చి ఇంజిన్ లైటు పడొచ్చు, బండి బలం తగ్గించేసుకోవచ్చు. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో లోడ్ బండి అలా నీరసపడితే మజా ఉండదు. దీర్ఘకాలంలో ఇంజెక్టర్ నాజిళ్లు అరుగుతాయి, నల్ల పొగ వస్తుంది, పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బండిలో ఆ మసంతా దాంట్లో చేరుతుంది.

హైదరాబాద్‌లో ఈసీయూ రీమ్యాప్, అంటే అందులోని సాఫ్ట్‌వేర్ లెక్కలు మార్చడం, చేసేవాళ్లలో పనితనం ఉన్నవాళ్లు ఉన్నారు. కంపెనీ నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గడానికి ఇంజెక్షన్ టైమింగ్‌ను కొంచెం వెనక్కి ఉంచుతుంది. దాన్ని ముందుకు జరిపితే మైలేజ్ కొంత నిజంగానే వస్తుంది. దానికి బదులుగా సిలిండర్ లోపల ప్రెషర్ పెరిగి హెడ్ గ్యాస్కెట్ మీద భారం పడుతుంది, బండి పొల్యూషన్ హద్దు దాటుతుంది, వారంటీ పోతుంది. 25,000 పెట్టి నూటికి ఐదు వచ్చిందనుకున్నా పై లెక్కన పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు 22 నెలలు. అంతలో షోరూంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మ్యాప్ చెరిగిపోతుంది. చేయించే తీరాలనుకుంటే పాత ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, ముందూ తర్వాతా రైల్ ప్రెషర్, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్), పొగ వేడి రికార్డు చూపించమనండి. చూపించనివాడికి బండి ఇవ్వొద్దు. "80 లాక్ (80 మీద ఆపే స్పీడ్ లిమిటర్) కూడా తీసేస్తాం" అని కలిపి అమ్మేవాడికి అసలే ఇవ్వొద్దు.

చట్టం మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణలో 182ఏ(4) సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమాని మీద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. డీపీఎఫ్ కోసి ఖాళీ గొట్టం పెట్టడం సూటిగా ఇందులోకి వస్తుంది.

కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌కు అడ్డంగా ప్లేటు కొట్టించడం మన దగ్గర చాలా గ్యారేజీల్లో అలవాటు. ఒక మిల్లీమీటరు రేకు, రెండు బోల్టులు, అరగంట పని. ఇంజిన్ మీద భారం ఎక్కువైనప్పుడు ఈజీఆర్ వాల్వ్ ఎలాగూ మూసుకునే ఉంటుంది. లోడ్ బండికి ప్లేటు ఇచ్చే మైలేజ్ అందుకే చాలా తక్కువ. బీఎస్ 4 పొల్యూషన్ ప్రమాణం నుంచి ఇటు బండ్లలో పొగ ప్రవాహం లేదని ఈసీయూ గుర్తించి పి0401 కోడ్ ఇస్తుంది, కొన్ని బండ్లు లింప్ మోడ్‌లోకి, అంటే బలం తగ్గించుకుని నడిచే స్థితిలోకి పోతాయి. అదే డబ్బుతో వాల్వ్ విప్పి కార్బన్ కడిగించండి, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పేరుకున్న జిడ్డు మసి గీకించండి, బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేయించండి.

హై ఫ్లో ఎయిర్ ఫిల్టర్ మన నేలకు అసలు పనికిరాదు. డీజిల్‌లో పెట్రోల్ బండిలా గాలిని ఆపే థ్రాటిల్‌తో వేగం నడపరు కాబట్టి ఫిల్టర్ మార్చినంత మాత్రాన మైలేజ్ పెరగదు. క్రషర్ల దగ్గరా మొరం రోడ్ల మీదా తిరిగే బండికి నూనె రాసిన కాటన్ ఫిల్టర్ పెడితే సన్న దుమ్ము లోపలికి పోయి టర్బో రెక్కలనూ రింగులనూ అరగదీస్తుంది, ఆ నూనె గాలి కొలిచే సెన్సార్ మీద పడి లెక్క తప్పిస్తుంది. కంపెనీ కాగితం ఫిల్టర్ చాలు. గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి, 30 పీఎస్ఐ దాటకుండా కొట్టాలి. పంక్చర్ షాపు కంప్రెషర్ నేరుగా పెడితే కాగితం చిల్లులు పడుతుంది. చీకట్లో లోపల టార్చి పెట్టి చూస్తే చుక్కలుగా వెలుతురు కనిపిస్తుంది. కనిపిస్తే మార్చేయండి.

ఇక కొనదగినది: క్యాబిన్ మీద పెట్టే, గాలిని పైకి మళ్లించే ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) విండ్ డిఫ్లెక్టర్. షరతు ఒకటే, మీ బండికి క్యాబిన్ కంటే ఎత్తైన మూసిన బాడీ గానీ, పట్టా కప్పిన జాలీ గానీ ఉండాలి. చదును డెక్కు బండికి పెడితే ఉన్నదానికి గాలి అడ్డం పెరుగుతుంది. గాలి ఆపే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 60 మీద ఉన్నదానికి 80 మీద దాదాపు 1.8 రెట్లు. అందుకని విజయవాడ హైవే మీదా, కర్నూలు వైపు 44వ నంబరు రోడ్డు మీదా రోజూ పోయే బండికి ఇది పని చేస్తుంది. దేవరకొండ, కల్వకుర్తి ఊళ్లలో ఆగుతూ పోయే బండికి పెట్టినా పెట్టకపోయినా ఒకటే. హైవే బండికి నూటికి ఐదు వస్తే గొప్ప అనుకోండి.

కోణం మార్చుకునే స్టాండు ఉన్నదే తీసుకోవాలి. డిఫ్లెక్టర్ వాలును గీతలా పొడిగిస్తే అది బాడీ ముందు పై అంచును తాకాలి. కిందికి ఉంటే గాలి బాడీ ముందు పలకకే కొడుతుంది, మరీ నిటారుగా ఉంటే డిఫ్లెక్టరే గోడలా నిలబడుతుంది. సరిచూడటానికి వానాకాలం రాత్రి ప్రయాణం తర్వాత బాడీ ముందు పలక చూడండి. ఉసిళ్లు గుత్తులుగా అంటుకున్న చోట గాలి నేరుగా కొడుతోంది. ఆ పురుగుల పట్టీ అంతా పై అంచుకు చేరితే కోణం కుదిరినట్టే. ఎండాకాలమైతే ఆరంగుళాల ఊలు దారాలు ఆ పలక మీద వరసగా టేపుతో అతికించి, పక్క బండి నుంచి 60 మీద ఫోన్‌లో వీడియో తీయించండి. దారాలు సుడి తిరుగుతుంటే ఇంకాస్త పైకి లేపాలి.

బిగింపులోనే ఎక్కువ చెడిపోతుంది. క్యాబిన్ రూఫ్‌కు చిల్లులు వేసి వట్టి బోల్టులు బిగిస్తే రెండో వానకే నీళ్లు కారి తుప్పు మొదలవుతుంది. గట్టర్‌కు, అంటే రూఫ్ అంచున నీళ్లు పోయే గాడికి, పట్టే క్లాంపుల స్టాండు మేలు. చిల్లు తప్పకపోతే అంచుకు ప్రైమర్, కింద వెడల్పు వాషర్, పైన రబ్బరు వాషర్, చుట్టూ సీలెంట్. 500 కిలోమీటర్లకు ఒకసారి నట్లు చూడాలి, లాక్ నట్లు తప్పనిసరి. బండి నమోదైన కొలతలు దాటనిదే కొనండి, అనుమానం ఉంటే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. పైసా ఖర్చు లేని పని ఇంకోటి: పట్టా రెపరెపలాడకుండా తాడు లాగి కట్టడం, చౌటుప్పల్ నుంచి సూర్యాపేటకు 80 బదులు 65 మీద పోవడం. పావుగంట ఆలస్యమవుతుంది, అంతే.

టైర్లలో నైలాన్ నుంచి రేడియల్‌కు మారితే లాభమే. పెద్ద సైజు టైర్లు వేస్తే మాత్రం ఓడోమీటర్ తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, చుట్టుకొలత నూటికి ఐదు పెరిగితే మైలేజ్ ఐదు తగ్గినట్టు కనిపిస్తుంది. అరిగిన టైరుకు దీనికి తలకిందులు. అందుకే టైర్లు మార్చినప్పుడు దూరం జీపీఎస్‌తో కొలవాలి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, డోర్ పిల్లర్ మీద స్టిక్కర్ చెప్పినంత.

వీటన్నిటికంటే ముందు రెండు చూడండి. ఎండాకాలం వేడెక్కుతోందని చాలా మంది మెకానిక్‌లు ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీళ్లు పోకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేస్తారు. ఇంజిన్ తన వేడికి ఎప్పటికీ చేరదు, చల్లగా ఉందనుకుని ఈసీయూ ఎక్కువ డీజిల్ పోస్తుంది. టెంపరేచర్ ముల్లు హైవే మీద కూడా కిందికే ఉంటే అనుమానం ఇదే. వేడెక్కడానికి అసలు కారణం సాధారణంగా రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పొట్టు, దుమ్ము, లేదా ఫ్యాన్ కప్లింగ్. రెండోది బ్రేక్ పట్టుకోవడం. పది కిలోమీటర్లు తక్కువ బ్రేకులతో తోలి నిలిపి, నాలుగు చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి చూపించండి, తాకొద్దు. ఒకటి మిగతావాటికంటే సెగ కొడితే ఆ చక్రం జాకీ మీద లేపి తిప్పి చూడాలి. వెనక చక్రమైతే ముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్ వదులు చేసి మళ్లీ తిప్పండి. అప్పటికీ బిగుసుకుంటే డ్రమ్ము విప్పించి వీల్ సిలిండర్ చూపించాలి.