చర్చిలో పాస్టర్ అయ్యగారు పార్టీ పేరు చెప్పాలా, ఊరుకోవాలా? ఏది మేలు?

ఎన్నికలొస్తే శ్రీకాకుళం, విజయనగరం వైపు చిన్న చిన్న క్రైస్తవ సంఘాలకు కూడా అభ్యర్థులు వస్తారు. సరిగ్గా ఆరాధన ముగిసే వేళకి వచ్చి, చెప్పులు బయట విడిచి ముందు వరుసలో కూర్చుంటారు, అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, సాయంత్రానికి ఆ ఫొటో ఊరందరి వాట్సాప్‌లోనూ ఉంటుంది. ప్రార్థనలో తప్పేం లేదు, అధికారుల కోసం ప్రార్థించమని బైబిల్లో పౌలే తిమోతికి రాశాడు. గొడవంతా ఆ తర్వాత మైకులో వచ్చే మాటతోనే: "ఎవరికి వెయ్యాలో మీకు తెలుసు కదా!"

బాహాటంగా ఒక పార్టీ వైపు నిలబడాలి అనేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. కుల సంఘాలన్నీ బేరాలు ఆడుకుంటుంటే మనమే ఎందుకు ముడుచుకు కూర్చోవాలి అంటారు. సమాధుల స్థలం కావాలి, మందిరానికి పర్మిషన్ కావాలి. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, దాన్ని 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు, క్రైస్తవులైన దళితులు మాత్రం మన రాష్ట్రంలో బీసీ-సిలోనే ఉండిపోయారు. అడక్కుండా ఎవరిస్తారు?

అడగాల్సిందే. కానీ పార్టీ జెండా కప్పుకుని అడిగితే అవతలి పార్టీ గెలిచిన రోజు ఏం చేస్తారు? చట్టం సంగతి సరే, మతం పేరుతో ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అవినీతి చర్య, ఓటరు మతం పేరుతో అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది కూడా. నన్ను భయపెట్టేది అది కాదు, ఊరు. ఇక్కడ ఒకే ఇంట్లో అన్నది ఒక పార్టీ, తమ్ముడిది ఇంకో పార్టీ. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు, అయినా ఏ ఇల్లు ఎటో అందరికీ తెలుసు. పట్టుమని ముప్పై కుటుంబాలు లేని సంఘంలో అయ్యగారు ఒక పేరు చెప్పారంటే పది కుటుంబాలు వచ్చే ఆదివారం రావు. బైబిల్లోనే ఉంది కదా, దావీదు రాజు సింహాసనం కోసం కొడుకులు అదోనీయా, సొలొమోను పోటీ పడితే యాజకుడు అబ్యాతారు అదోనీయా పక్షం చేరాడు, సొలొమోను గెలిచాడు, పెద్దాయన్ని అనాతోతులో నీ పొలానికి నువ్వు పో అని పంపేశారు.

అయితే నోరు మూసుకోవడం మేలా? చూడ్డానికి సేఫ్‌గానే ఉంటుంది. కానీ 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అలాంటి రోజున "మేము ఆత్మీయ విషయాలే మాట్లాడతాం" అంటే అది తటస్థం కాదు, బలమున్నవాడికి అనుకూలం. ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ రోగులుంటే తాగే నీళ్ళ గురించి అడగడం రాజకీయమే అనుకోండి, అయినా అడగాలి. ఇంకోటి, 2019 తర్వాత ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం మొదలుపెట్టింది. అర్చకులకీ ఇమాములకీ ఇచ్చినట్టే ఇదీ జనం పన్నుల సొమ్మే. అందుకు కృతజ్ఞత చూపించాలంటే జనానికి చూపించాలి గానీ పార్టీకి కాదు.

నా ఓటు మూడో దారికి: సమస్య పేరు చెప్పు, పార్టీ పేరు చెప్పకు. ఈ దారి వాళ్ళు దావీదును మొహం మీదే తిట్టిన నాతాను ప్రవక్తను ఉదహరిస్తారు, అదే నాతాను ఆ తర్వాత సొలొమోను పక్షాన గట్టిగా నిలబడ్డాడని మాత్రం చెప్పరు. అంటే ఈ దారీ అంత శుభ్రమైనదేం కాదు, సమస్యను ఏదో ఒక పార్టీ ఎత్తుకునే ఉంటుంది. అందుకే ఒకే ప్రశ్న అన్ని పార్టీల వాళ్ళనీ అడగాలి, గెలిచాక గెలిచినవాణ్ణి మళ్ళీ అడగాలి. అదీ మందిరం ఆవరణలో కాదు, 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం పార్టీ ప్రచారాన్నే కాదు, రాజకీయ స్వభావమున్న అంశాల మీద సభలు పెట్టడాన్ని కూడా నిషేధం కిందికి లాగుతుంది, శిక్ష ఐదేళ్ళ దాకా ఉంది. రచ్చబండ దగ్గరో, ఊళ్ళో కమ్యూనిటీ హాల్లోనో పెట్టుకోండి.

కాథలిక్కులకు ఈ టెన్షన్ కొంత తక్కువ, ఫాదర్లు పార్టీల్లో చురుగ్గా తిరగకూడదని వాళ్ళ కానన్ చట్టమే చెబుతుంది, పైన బిషప్ ఉంటాడు. అసలు చిక్కు స్వతంత్ర సంఘాలతోనే, అక్కడ అయ్యగారి మాటే ఫైనల్, అందుకే లీడర్లు ముందు వాళ్ళ గుమ్మమే తొక్కుతారు. ఎన్నికల ముందే సంఘ పెద్దలు కూర్చుని పార్టీ పేరు మైకులో రాకూడదని రాసుకుంటే అయ్యగారికీ తప్పించుకోవడానికి ఓ సాకు దొరుకుతుంది. సంఘంలో ఎవరైనా పోటీ చేస్తానంటే చెయ్యనివ్వండి, మైకు మాత్రం ఇవ్వకండి.

ఇక అభ్యర్థి ఇస్తానన్న ఫ్యాన్లు, సౌండ్ సిస్టమ్. పోలింగ్‌కు ముందు వద్దనండి. అంత ప్రేమ ఉంటే క్రిస్మస్‌కి ఇమ్మనండి, రెక్కల మీద పేరు రాయించకుండా.