పూర్వీకుల డీఎన్ఏ కిట్: ఐర్లండ్‌కు చెప్పినంత శ్రీకాకుళానికి చెప్పదు

ఉమ్మి పంపితే వంశమూలాలు చెప్పే కిట్లు ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలోనూ కనిపిస్తున్నాయి. డబ్బాలో సామాను అందరికీ ఒకటే. రిపోర్టు మాత్రం ఒకేలా ఉండదు.

ఐరిష్ మూలాలున్న మనిషికి ఇది ఐర్లండ్‌లో ఏ ప్రాంతమో కూడా చెప్పగలదు. పోల్చి చూడ్డానికి అక్కడివాళ్ల నమూనాలు బోలెడున్నాయి, పాత ఎముకలూ దొరికాయి. బెల్‌ఫాస్ట్ దగ్గర బాలినహాటీలో బయటపడ్డ 5,200 ఏళ్ల నాటి స్త్రీ జన్యువుల్లో ఎక్కువ వాటా పశ్చిమాసియా తొలి రైతులది. ఐర్లండ్ ఉత్తర తీరానికి దగ్గరున్న రాత్లిన్ దీవిలో దొరికిన ముగ్గురు మగవాళ్లు సుమారు 4,000 ఏళ్ల నాటివాళ్లు. వీళ్లలో నల్లసముద్రానికి పైనున్న గడ్డిమైదానాల వాటా బాగా కనిపిస్తుంది, నేటి ఐరిష్ జనానికి దగ్గరివాళ్లూ వీళ్లే. మన వేడికి, తేమకు ఎముకలో డీఎన్ఏ నిలవదు. హర్యానాలోని సింధు నాగరికత ఊరు రాఖీగఢీలో అరవైకి పైగా నమూనాలు చూస్తే పనికొచ్చింది ఒక్కటే. కంపెనీల దగ్గర పోల్చడానికి నేటి మనవాళ్ల నమూనాలూ తక్కువే. అందుకే మన రిపోర్టులో 'దక్షిణ భారతం' అని పెద్ద ముద్ద ఒకటి వస్తుంది. కంపెనీ పోలిక నమూనాలు మార్చినప్పుడల్లా ఆ శాతాలూ మారతాయి. వాటికోసమే అయితే డబ్బు దండగ.

నమూనా తీయడంలోనే ఎక్కువ కిట్లు పాడవుతాయి. అరగంట ముందునుంచి తిండి, నీళ్లు, కిళ్లీ, చుట్ట ఏవీ వద్దు. అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టి చుట్ట కాల్చడం) అలవాటున్న పెద్దావిడకు ఇది ముందే చెప్పి ఉంచాలి. ఉమ్మి గీతదాకా, సుమారు 2 మిల్లీలీటర్లు రావాలి. నురగను లెక్కలోకి తీసుకోకూడదు, నురగ దిగితే సగమే మిగులుతుంది. నోరెండితే బుగ్గలు బయటినుంచి రుద్దాలి తప్ప నీళ్లు కలపకూడదు. మూత గట్టిగా నొక్కితే అందులోని ద్రవం ఉమ్మిలోకి దిగుతుంది. గరాటు తీసి, చిన్న మూత బిగించి, కాసేపు ఊపాలి. ద్రవం పూర్తిగా దిగితే మే నెల ఎండలో కొరియర్ ఆలస్యమైనా భయంలేదు, దిగకపోతే బాక్టీరియా డీఎన్ఏను తినేస్తుంది. ట్యూబు మీది బార్‌కోడ్ పంపేముందే నమోదు చేయాలి.

మనవాళ్లు అసలు జాగ్రత్తపడాల్సింది బంధువుల జాబితా దగ్గర, అంటే మీ డీఎన్ఏతో కలిసిన ఇతర కిట్ల వాళ్ల పేర్ల దగ్గర. మేనరికాలు, ఒకే కులంలో తరతరాల పెళ్లిళ్లు ఉన్నచోట అందరికీ అందరితో డీఎన్ఏలో చిన్నచిన్న ముక్కలు కలుస్తాయి. వాటన్నిటినీ కూడి కంపెనీ లెక్క దూరపువాళ్లను దగ్గర చేసి చూపిస్తుంది. ఇద్దరిలో ఒక్కొక్కరితో మొత్తం 90 సెంటీమోర్గాన్లే (డీఎన్ఏ ముక్కల పొడవుకు కొలత) కలిశాయనుకోండి. ఒకరితో నాలుగు ముక్కలు, అందులో పెద్దది 35 అయితే ఇటీవలి తరాల చుట్టరికం అయ్యుండొచ్చు. మరొకరితో పది ముక్కలు, ఏదీ 12 దాటకపోతే అది పాతకాలపు కలయిక. మొత్తం కాదు, అతి పెద్ద ముక్క చూడాలి.

నిజంగా పనికొచ్చేవి తల్లి గీత (తల్లి, ఆమె తల్లి అలా వెనక్కి వెళ్లే వరస), తండ్రి గీత (తండ్రి, ఆయన తండ్రి అలా వెళ్లే వరస). తండ్రి గీతలో హెచ్, ఎల్, ఆర్1ఏ, జే2 అనే శాఖలు మన వైపు తరచుగా కనిపిస్తాయి. సీతంపేట కొండల్లో సవరలకు ఓ-ఎం95 అనే శాఖ వస్తే అది తప్పు కాదు. సవరతో సహా ముండా భాషలవాళ్ల తండ్రి గీతల్లో చాలా భాగం ఆగ్నేయాసియా నుంచి వచ్చినవే, తల్లి గీతలు ఎక్కువగా ఇక్కడివే.

ముడి ఫైలు, అంటే మీ డీఎన్ఏలో చదివిన అక్షరాలన్నీ ఉన్న ఫైలు, తప్పక దించుకోండి. అందులో ఆర్ఎస్1800562 అనే చోట ఏఏ (రెండు ప్రతుల్లోనూ మార్పు) ఉంటే ఒంట్లో ఇనుము పేరుకునే జబ్బు వచ్చే వీలుంటుంది. రాత్లిన్ మనిషి ఒకరిలోనూ ఈ మార్పు ఉంది, ఐరిష్ జనంలో నేటికీ ఎక్కువ. మనలో మాత్రం బహు అరుదు. అరుదైన మార్పుల్ని కంపెనీలు డీఎన్ఏ చదవడానికి వాడే చిప్పులు తప్పు చదువుతుంటాయి కనుక ఇలాంటివి కనిపిస్తే ఆస్పత్రి ల్యాబులో మళ్లీ చూపించుకోకుండా నమ్మకండి.

2023లో ఒక పెద్ద కంపెనీ నుంచి 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. ఫైలు దించుకున్నాక ఖాతా, నమూనా రెండూ తీసేయమని అడగొచ్చు.

ఒక్క కిట్టే కొనేట్టయితే ఇంట్లో పెద్దతరం మగమనిషిది పంపండి. ఆడవాళ్ల ఉమ్మిలో తండ్రి గీత రాదు, ఆయనదైతే రెండు గీతలూ వస్తాయి.