వగరు తెలిసిన నాలుకతో ఇటలీ వైన్లు: ఎనిమిదేళ్ళ తర్వాత

చదువు కోసం టొరీనోకి వచ్చేటప్పటికి వైన్ గురించి నాకు తెలిసింది ఒక్కటే: ఎర్రది ఉంటుంది, తెల్లది ఉంటుంది. మొదటి గ్లాసు పోసింది మా ఇంటి ఓనరు పెద్దాయన. మంచినీళ్ళ గ్లాసులో సగం దాకా బర్బేరా అనే ఎర్ర వైన్ పోసి, పక్కన బ్రెడ్డూ సలామీ పెట్టాడు. సీసాకి లేబుల్ కూడా లేదు. ఇక్కడ పాతకాలపు వాళ్ళు అయిదు లీటర్ల డబ్బా పట్టుకెళ్ళి, మనం గానుగ నూనె తెచ్చుకున్నట్టు, లూజు వైన్ నింపించుకుని వస్తారు. దాన్ని స్ఫూజో అంటారు.

అప్పటినుంచి నెలకి మూడు నాలుగు సీసాల లెక్కన తాగుతూ, ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. అందులో ఉన్నవి రెండే గళ్ళు: వగరు ఎంత, పులుపు ఎంత. వైన్ పుస్తకాలు టానిన్ అంటే ఏమిటో చెప్పడానికి పేజీలు ఖర్చు పెడతాయి. నేరేడుపండు తిని, పచ్చి జామకాయ కొరికి పెరిగినవాడికి ఆ పాఠం అక్కర్లేదు. అదే వగరు. ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి దిగుతుంది. తెల్ల వైన్‌కి మామూలుగా రసం ఒక్కటే పులియబెడతారు కాబట్టి అందులో వగరు దాదాపు ఉండదు. ఇటలీలో సొంత ద్రాక్ష రకాలు వందల్లో ఉన్నాయి, అధికారిక జాబితాలోనే అయిదొందలు దాటతాయి. ఆ పేర్లన్నీ బట్టీ పట్టే బదులు ఈ రెండు గళ్ళు చూసుకుంటే నాకు దారి దొరికింది.

వగరు సంగతి వస్తే ముందు చెప్పుకోవాల్సింది నెబ్బియోలో అనే ద్రాక్ష. బరోలో, బర్బరెస్కో అనే వైన్లు రెండూ దీని నుంచే. ఆల్బా పట్టణం చుట్టూ లాంగే కొండల్లో పండుతుంది, మా ఊరి నుంచి రైల్లో గంటన్నర లోపే. గ్లాసులో పోస్తే రంగు పల్చగా, పాత ఇటుక రంగులో ఉంటుంది. అది చూసి మోసపోతాం. గుక్క దిగాక చిగుళ్ళు పట్టేస్తాయి. వాసన మాత్రం గులాబీ, దాని వెనకే కొత్తగా రోడ్డు వేస్తున్నప్పటి తారు. ఈ రెండూ ఒకే గ్లాసులో ఎలా ఇముడుతాయో ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా మొదటి బరోలో 38 యూరోలు పెట్టి కొన్నాను. పంట కోసి నాలుగేళ్ళు దాటిన సీసా. చట్ట ప్రకారం బరోలో వైన్‌ని 38 నెలలు ఆగాకే అమ్మాలి, అందులో 18 నెలలైనా చెక్క పీపాలో ఉండాలి. అంటే నా చేతికొచ్చినప్పటికి అది ఇంకా పసిది. ఆ మాట ఎవరూ చెప్పలేదు. పైగా ఆ రోజు స్నేహితుడు వస్తున్నాడని గోంగూర మటన్ చేశాను, కారం బాగా దట్టించి. ఒక ముద్ద, ఒక గుక్క. వాడు గ్లాసు పక్కన పెట్టేసి, "ఒరేయ్, ఇంత డబ్బు పెట్టి వక్కలు నానబెట్టిన నీళ్ళు తెచ్చావేంట్రా" అన్నాడు. వాడి తప్పు లేదు. కారం తగిలిన నాలుక మీద వగరూ ఆల్కహాలూ రెండూ రెట్టింపు మండుతాయి. అదే పంట ఏడాది బరోలో రెండేళ్ళు ఆగి ఇంకోటి తెరిచాను, ఈసారి పక్కన పాత పార్మిజానో చీజ్ ముక్కలు. చీజ్‌లోని మాంసకృత్తులు వగరుని పట్టేసుకున్నాయి, గులాబీ వాసన ఒక్కటీ మిగిలింది. అప్పుడు అర్థమైంది ఆ 38 యూరోలు దేనికో.

అయినా ఇప్పుడు నెబ్బియోలో తాగాలనిపిస్తే బరోలో జోలికి పోను. బర్బరెస్కో ఊళ్ళో ఒక సహకార సంఘం ఉంది, ప్రొడుత్తోరి దెల్ బర్బరెస్కో. ఊరి చర్చి ఫాదర్ చిన్న రైతుల్ని కూడగట్టి 1958లో పెట్టించాడు. యాభై దాకా కుటుంబాలు తమ ద్రాక్షని అక్కడ పోస్తాయి, మన పల్లెల్లో పాల కేంద్రానికి పాలు పోసినట్టు. వాళ్ళ మామూలు సీసా చాలా బరోలోల కన్నా తక్కువ ధరకి వస్తుంది, నేను కొన్న ఏ ఏడాదీ చెడ్డగా లేదు.

బర్బేరా దీనికి పూర్తిగా ఎదురు. వగరు తక్కువ, పులుపు ఎక్కువ. 8 యూరోల సీసా చాలు. చింతపండు పులుసుతో, టమాటా పప్పుతో కూడా నిలబడుతుంది. పులుపుకి పులుపు జోడైతే రెండూ మెత్తబడతాయి. మా ఓనరు మాత్రం బర్బేరా మాట వస్తే 1986 సంగతి ఎత్తకుండా ఉండడు. ఆ ఏడాది ఇక్కడి చవక వైన్‌లో కొందరు మిథనాల్ కలిపారు, ఇరవై మందికి పైగా చనిపోయారు. మన కల్తీ సారా వార్తల్లాంటిదే. ఆ దెబ్బ తర్వాతే ఇటలీ వైన్ వాళ్ళు ఎంత ఎక్కువ చేశామన్న లెక్క వదిలి నాణ్యత వైపు గట్టిగా తిరిగారంటారు. దోల్చెత్తో అని ఇంకో ద్రాక్ష ఉంది. పేరులో తీపి ఉంది కదా అని మా ఆవిడ కోసం కొన్నాను. తీపి లేదు, చివర్లో చేదు ఉంది. ఆ చేదు నాకు ఇష్టం, తనకి కాదు.

కియాంతీ గురించి అందరూ రాస్తారు, నేను పెద్దగా రాయను. సాంజియోవేజే ద్రాక్ష, నల్ల కోడిపుంజు ముద్ర ఉంటే కియాంతీ క్లాసికో, పిజ్జాతో బ్రహ్మాండం. అమరోనే అనే ఎర్ర వైన్ కోసం కోసిన ద్రాక్షని మూడు నాలుగు నెలలు ఆరబెట్టి, సగం ఎండినట్టయ్యాక పిండుతారు. చిక్కగా, ఘాటుగా ఉంటుంది, రెండో గ్లాసు నా వల్ల కాలేదు. ప్రొసెక్కో అనే నురగ వైన్ పెళ్ళిళ్ళకి సరే.

దక్షిణం వైపు వెళ్తే లెక్క మారుతుంది. ఎత్నా అగ్నిపర్వతం మీద తోటలు చూడటానికి సిసిలీ వెళ్ళాం. నేల బూడిదలా నల్లగా ఉంది. లావా రాళ్ళు పేర్చిన గోడల మధ్య మెట్లు మెట్లుగా తీగలు. మన దగ్గరలా పందిరి లేదు, ఒక్కో తీగా ఒక్కో కర్రకి కట్టిన పొట్టి చెట్టులా నిలబడి ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా తోటల్ని మట్టుబెట్టిన ఫిలాక్సెరా పురుగు ఇలాంటి ఇసుక నేలలో బతకలేదు. అందుకే అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీదే నిలబడ్డ నూరేళ్ళ పైబడ్డ తీగలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. ఆ ద్రాక్ష పేరు నెరెల్లో మస్కలేజే. రంగు పల్చన, వగరు మధ్యస్థం, చివర్లో ఉప్పు తగిలినట్టు ఉంటుంది. నోటుబుక్కులో రెండు గళ్ళు చాలక మూడోది గీసింది దీని కోసమే.

పూల్యా నుంచి వచ్చే ప్రిమితివో సంగతి వేరు. కాలిఫోర్నియాలో ఉండే మా కజిన్ వచ్చినప్పుడు పోస్తే, "ఇది మా జిన్‌ఫాండెల్ లాగే ఉందిరా" అన్నాడు. గొప్పలకి పోతున్నాడు అనుకున్నాను. తర్వాత చదివితే రెండూ ఒకే ద్రాక్షని డీఎన్ఏ పరీక్షల్లో ఎప్పుడో తేలిపోయిందట. దాని పుట్టిల్లు క్రొయేషియా అని 2001లో కనుక్కున్నారు.

వగరు గడిలో పదికి పది పడింది ఉంబ్రియా నుంచి వచ్చే సగ్రాంతీనోకి. తాగాక నాలుక గరుకు కాగితంలా అయింది.

ఇక మన వంటతో? నా ఓటు లాంబ్రుస్కోకి. ఎమీలియా ప్రాంతపు ఎర్ర నురగ వైన్. లేబుల్ మీద సెక్కో అని ఉన్న, తీపి లేని రకం కొని, ఫ్రిజ్‌లో పెట్టి, కోడివేపుడుతో తాగండి. 6, 7 యూరోలు. కారం మరీ ఎక్కువైతే మోస్కాతో దాస్తి. ఆల్కహాలు 5 శాతం చుట్టూ, కొంచెం తీపి. మిరపకాయ బజ్జీని కూడా లొంగదీస్తుంది.

నష్టాలు కూడా చెప్పాలి. ఏసీ లేని మా ఇంట్లో ఆరు సీసాలు వంటింటి అలమర పైన పెట్టి ఆగస్టులో ఇండియా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రెండింటి కార్కులు అర అంగుళం పైకి తన్నుకొచ్చాయి, వైన్ ఉడికిన ఎండుద్రాక్ష రుచి. అప్పటినుంచి అపార్ట్‌మెంట్ కింది సెల్లార్‌లో, పడుకోబెట్టి పెడుతున్నా. ఇంకోసారి 30 యూరోల తౌరాజీ అనే ఎర్ర వైన్ తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన. అది కార్కుకి పట్టే జబ్బు, వైన్ చేసినవాడి తప్పు కాదు. షాపతను మాత్రం "మీరు అలవాటు పడలేదు, అది దాని తీరే" అని పంపించేశాడు. ఇప్పుడైతే గ్లాసు అతని ముక్కు కింద పెట్టేవాణ్ణి.

దిగుమతి వైన్ మీద ఇండియాలో సుంకం బాగా ఎక్కువ, అందుకే వెళ్ళినప్పుడల్లా ఇక్కడినుంచే మోసుకెళ్తాను. సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే అనుమతి, అంటే రెండు సీసాలు. ఒకసారి బరోలో తీసుకెళ్తే బాబాయి ఒక గుక్క తాగి, "ఏందిరా ఇది, కషాయం లెక్కుంది, జర స్ప్రైట్ పొయ్" అన్నాడు. పోశాను. ఈ సంక్రాంతికి ఆయనకి లాంబ్రుస్కో. రెండో సీసా తిమొరాస్సో తీసుకెళ్దామా అని ఆలోచిస్తున్నాను. తొర్తోనా కొండల్లో దాదాపు మాయమైపోయిన తెల్ల ద్రాక్ష అది. వాల్తేర్ మాస్సా అనే రైతు 1980ల చివర్లో మళ్ళీ నిలబెట్టాడు. తెల్లదైనా ఏళ్ళ తరబడి నిలవుంటుంది. అమ్మ చేసే కొరమీను పులుసుకి ఆగుతుందో లేదో చూడాలి.